ఆగిన రేసు, అందని లెక్క

2024 జులై 21న లండన్‌లో ఎలక్ట్రిక్ కార్ల రేసు ఫార్ములా ఈ ప్రపంచ చాంపియన్‌షిప్ తేలింది. ఆఖరి రేసు దాకా ముగ్గురు డ్రైవర్లు టైటిల్ కోసం పోరాడారు. పోర్షే డ్రైవర్ పాస్కల్ వేర్లైన్ 198 పాయింట్లతో విజేతగా నిలిచాడు. జాగ్వార్ డ్రైవర్ మిచ్ ఎవాన్స్ 192 దగ్గర ఆగిపోయాడు. తేడా ఆరు పాయింట్లు. ఈ పోటీలో ఒక రేసు గెలిస్తే 25 పాయింట్లు వస్తాయి. ఆ సీజన్ క్యాలెండర్‌లో జనవరి 27న సౌదీలోని దిరియాలో జరిగిన రేసుకీ, మార్చి 16న బ్రెజిల్‌లోని సావోపాలోలో జరిగిన రేసుకీ మధ్య ఏడు వారాల ఖాళీ కనబడుతుంది. ఆ ఖాళీ మనది. ఫిబ్రవరి 10న హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరగాల్సిన హైదరాబాద్ రేసు రద్దయితే ఏర్పడిన ఖాళీ. అంతకు ముందు ఏడాది ఇదే ట్రాక్ మీద అందరికంటే ముందు నుంచి బయలుదేరినవాడు ఈ ఎవాన్సే. హైదరాబాద్‌లో రెండో రేసు జరిగివుంటే ఆ టైటిల్ ఎటు పోయేదో ఎవరూ చెప్పలేరు. ఒక ప్రపంచ పోటీకి మాట ఇచ్చి నెల రోజుల ముందు తప్పిన నగరంగా మాత్రం మన పేరు అందులో మిగిలిపోయింది.

ఆ మాట ఎవరిని అడిగి ఇచ్చారు, ఎవరి సొమ్ముతో ఇచ్చారు, ఎవరిని అడిగి తప్పారు? ఇన్నేళ్ళు గడిచినా ఈ మూడు ప్రశ్నలకీ ప్రజల ముందు సూటిగా జవాబు చెప్పినవాళ్ళు లేరు. ఆ రోజు పాలించినవాళ్ళూ చెప్పలేదు, ఈ రోజు పాలిస్తున్నవాళ్ళూ చెప్పలేదు. బోయిన్‌పల్లి నుంచి ట్యాంక్‌బండ్ మీదుగా రోజూ పనికి వెళ్ళివచ్చే మనిషికి ఆ జవాబు రావాలి. రోడ్డు అతనిది, పన్ను అతనిది, బస్సు ఆలస్యమైతే పోయే కూలీ కూడా అతనిదే.

ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. 2023 ఫిబ్రవరి 11న జరిగిన రేసు మంచి రేసు. 2013 అక్టోబర్‌లో గ్రేటర్ నోయిడాలో జరిగిన ఫార్ములా వన్ తర్వాత మన దేశంలో జరిగిన మొదటి అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్య (ఎఫ్‌ఐఏ) ప్రపంచ చాంపియన్‌షిప్ పోటీ అది. ఎన్టీఆర్ మార్గ్, నెక్లెస్ రోడ్డు, అప్పటికి నిర్మాణం పూర్తికావస్తున్న కొత్త సచివాలయం, లుంబినీ పార్క్ పరిసరాలను కలుపుతూ 2.83 కిలోమీటర్ల ట్రాక్, 18 మలుపులు. అప్పుడే బరిలోకి దిగిన మూడో తరం కార్లు 320 కిలోమీటర్ల వేగాన్ని అందుకోగలవు. బ్రేకు వేసిన ప్రతిసారీ వృథా అయ్యే శక్తిని తిరిగి బ్యాటరీలోకి పంపుకుంటాయి. రేసులో వాడే శక్తిలో దాదాపు 40 శాతం అలా వెనక్కి వచ్చినదే. మూడో మలుపు దగ్గర జాగ్వార్ జట్టు డ్రైవర్ శామ్ బర్డ్ తన సహచరుడు ఎవాన్స్ కారునే గుద్దడంతో ఇద్దరూ రేసు నుంచి తప్పుకున్నారు. జాన్ ఎరిక్ వెర్న్ చివరి ల్యాప్ దాకా నిక్ కాసిడీని వెనకే ఆపుకొని గెలిచాడు. ఇంజిన్ హోరు లేని ఆ కార్లు సచివాలయం ముందు నుంచి దూసుకుపోతుంటే చూసిన పిల్లల్లో ఎంతమందికి ఆ రాత్రి నిద్ర పట్టి ఉండదో. ఆట గొప్పది. ఆటను ప్రేమిస్తున్నాం కాబట్టే దాన్ని వాడుకున్న తీరు మీద ఈ అభియోగం రాస్తున్నాం.

ఆ రేసుకి మూడు నెలల ముందు జరిగినదాన్ని నగరం త్వరగా మరిచిపోయింది. 2022 నవంబర్ 19, 20 తేదీల్లో ఇదే దారిలో ఇండియన్ రేసింగ్ లీగ్ మొదటి వారాంతం నిర్వహించారు. ఆలస్యాలు, ప్రమాదాలతో ప్రధాన రేసులు జరగకుండానే అది ముగిసింది. టికెట్టు కొన్నవాళ్ళు ఖాళీ ట్రాక్ చూసి ఇంటికి వెళ్ళారు. లీగ్ చెన్నైకి వెళ్ళింది. అక్కడి శాశ్వత ట్రాక్ మీద రెండు వారాంతాలు సాగి, టైటిల్ తేల్చే ఆఖరి వారాంతానికి డిసెంబర్ 10, 11 తేదీల్లో మళ్ళీ హైదరాబాద్ వచ్చింది. కొచ్చి జట్టు చాంపియన్ అయింది, మన హైదరాబాద్ బ్లాక్‌బర్డ్స్ రెండో స్థానంలో నిలిచింది. మన జట్టు సొంత ఊళ్ళో టైటిల్ కోసం పోటీపడిన ఆ వారాంతాన్ని ఊరు ఎలా గుర్తుపెట్టుకుంది? ట్రాఫిక్ మళ్ళింపుల వారాంతంగా. నవంబర్‌లో ఎందుకు విఫలమయ్యాం, ఎవరు బాధ్యులు అన్న విచారణ నివేదిక ఏదీ జనం ముందుకు రాలేదు. అదే రోడ్డు మీద అంతకంటే పెద్ద పోటీకి మాత్రం ఏర్పాట్లు సాగిపోయాయి.

ఇక డబ్బు సంగతి. నాలుగు సీజన్ల పాటు రేసు హైదరాబాద్‌లో జరిగేలా 2022 అక్టోబర్ 25న ఒప్పందం కుదిరింది. అందులో పార్టీలు మూడు: ఫార్ములా ఈ సంస్థ, ప్రమోటర్‌గా ముందుకొచ్చిన ఏస్ నెక్స్ట్ జెన్ అనే ప్రైవేటు సంస్థ, రాష్ట్ర పురపాలక శాఖ. నిర్వాహక రుసుము ప్రైవేటు ప్రమోటర్ భరించాలి, ప్రభుత్వం రోడ్డు, ట్రాక్ వసతులు చూడాలి. వినడానికి సబబుగానే ఉంది. మొదటి రేసు అయ్యాక ప్రమోటర్ తప్పుకున్నాడు. లాభం వస్తుందనుకుని వచ్చిన వ్యాపారి నష్టమని తేలగానే వెళ్ళిపోవడంలో వింత లేదు. అతను వదిలిన భారాన్ని హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) నెత్తికెత్తుకోవడమే అసలు తప్పు. 2023 అక్టోబర్‌లో హెచ్‌ఎండీఏ ఖాతా నుంచి సుమారు రూ.46 కోట్లు రెండు విడతల్లో బ్రిటిష్ పౌండ్ల రూపంలో ఫార్ములా ఈ సంస్థకి వెళ్ళాయి. ఆ చెల్లింపు మీద కట్టాల్సిన పన్ను రూ.8 కోట్లకు పైగా మళ్ళీ హెచ్‌ఎండీఏ మీదే పడింది. జాతీయ మోటార్ క్రీడల సమాఖ్యకి కట్టినది కూడా కలిపితే మొత్తం దాదాపు రూ.55 కోట్లు. అప్పటికి అసెంబ్లీ ఎన్నికల తరుణం. అక్టోబర్ 9న నియమావళి అమల్లోకి వచ్చింది. కొత్త ఒప్పందం మీద సంతకాలు అక్టోబర్ 30న జరిగాయి. సంతకం కంటే ముందు డబ్బు కదిలిందనీ, మంత్రివర్గం, ఆర్థిక శాఖ, రిజర్వ్ బ్యాంకుల అనుమతి లేదనీ అవినీతి నిరోధక శాఖ (ఏసీబీ) ఆరోపణ.

2024 డిసెంబర్ 19న ఏసీబీ నమోదు చేసిన కేసులో అప్పటి పురపాలక మంత్రి కేటీఆర్, ఆ శాఖ ప్రత్యేక ప్రధాన కార్యదర్శి అర్వింద్ కుమార్, హెచ్‌ఎండీఏ చీఫ్ ఇంజినీర్ బీఎల్‌ఎన్ రెడ్డి నిందితులు. నగరం పేరు నిలబెట్టడానికే నిర్ణయం తీసుకున్నాననీ, పైసా అవినీతి లేదనీ, ఇది రాజకీయ కక్ష అనీ కేటీఆర్ వాదన. కేసు కొట్టివేయాలన్న ఆయన పిటిషన్‌ను హైకోర్టు 2025 జనవరి 7న తోసిపుచ్చింది. నేరం జరిగిందా లేదా అన్నది న్యాయస్థానం తేల్చాలి. ఆ పని మాది కాదు, మేం తీర్పరులం కాదు. కానీ నేరం రుజువు కాకపోయినా నిలిచే తప్పు ఒకటుంది. రేసు కావాలని అడిగే పురపాలక శాఖకీ, దానికి డబ్బు ఇచ్చే హెచ్‌ఎండీఏకీ అధిపతిగా ఒకే అధికారి కూర్చున్నారు. రెండు కుర్చీల్లో ఒకే మనిషి ఉన్నప్పుడు ‘ఇది మన పనేనా, ఇంత సొమ్ము ఇవ్వొచ్చా’ అని అడిగే గొంతు ఫైలులో ఎక్కడి నుంచి వస్తుంది? లేఅవుట్ అనుమతులకీ, భూమి మార్పిడికీ జనం కట్టిన రుసుములతో నడిచే సంస్థ హెచ్‌ఎండీఏ. అది రోడ్లూ చెరువులూ పార్కులూ చూడాల్సిన సంస్థ. ప్రైవేటు ప్రమోటర్ దిగిపోయిన చోట నిలబడి అంతర్జాతీయ క్రీడాసంస్థకి రుసుము కట్టే బాధ్యతను దానికి ఏ చట్టం ఇచ్చింది? నగరం పేరు పెరగడం మంచి ఉద్దేశమే. ఉద్దేశం మంచిదైతే ఫైలును మంత్రివర్గం ముందు పెట్టడానికి, శాసనసభలో చెప్పడానికి అడ్డేముంది?

రేసు వల్ల నగరానికి దాదాపు రూ.700 కోట్ల ఆర్థిక లబ్ధి కలిగిందని ఒక అధ్యయనం చెప్పిందంటూ నాటి పాలకులు పదేపదే చూపిస్తారు. అంత లబ్ధి నిజంగా కలిగితే ఏ హోటల్‌కి, ఏ టాక్సీకి, ఏ చిరువ్యాపారికి ఎంత చేరిందో విడమరిచి చూపాలి. పైగా అంతటి లాభసాటి వ్యవహారంలో ప్రమోటర్ ఏడాది తిరక్కుండానే ఎందుకు చేతులు దులుపుకున్నాడో కూడా వాళ్ళే చెప్పాలి. ఆ రెంటికీ పొంతన కుదిర్చే మాట ఇప్పటిదాకా వినలేదు.

కొత్త కాంగ్రెస్ ప్రభుత్వం చేసిందేమైనా మెరుగ్గా ఉందా? 2023 డిసెంబర్ 7న అధికారం చేపట్టింది. జనవరి 5న రేసు రద్దయిందని ఫార్ములా ఈ ప్రకటించింది. ఒప్పందం ఉల్లంఘించారంటూ పురపాలక శాఖకి నోటీసు ఇస్తామనీ చెప్పింది. అప్పటికే రూ.46 కోట్లు వెళ్ళిపోయాయి. ఇక్కడ సర్కారు ముందు రెండు దారులు ఉన్నాయి. ఒకటి, ఎలాగూ డబ్బు పోయింది గనక ఆ ఒక్క రేసు జరిపించి, పెట్టుబడిలో కొంతైనా రాబట్టి, తర్వాతి సీజన్ల నుంచి తప్పుకోవడం. రెండోది, ఒప్పందం చెల్లదని ధైర్యంగా నిలబడి, కట్టిన డబ్బు వెనక్కి తెచ్చుకోవడానికి పోరాడడం. మొదటిది చేయలేదు. రెండోది చేసి ఉంటే అందులో ఎంత తిరిగొచ్చిందో, ఎంత రావాలో ప్రజలకి ఇన్నాళ్ళకైనా చెప్పి ఉండాల్సింది. అధికారంలోకి వచ్చిన రెండు వారాల్లోనే రాష్ట్ర ఆర్థిక పరిస్థితి మీద, విద్యుత్ రంగం మీద శ్వేతపత్రాలు అసెంబ్లీలో పెట్టిన ప్రభుత్వం ఇది. రేసు మీద కూడా అలాంటి పత్రం పెట్టి, ఒప్పందాల ప్రతులు జతచేసి ఉంటే ఈ వ్యవహారం కోర్టు వాయిదాల్లో, టీవీ చర్చల్లో ఇలా ముక్కలు ముక్కలుగా తేలేది కాదు. రేసు సంగతి పక్కకుపోయింది. ఎవరిని ఎప్పుడు విచారణకి పిలుస్తారు, ఎవరిని అరెస్టు చేస్తారు అన్నదే వార్త అయింది. ప్రజాధనం సంగతిని రాజకీయ ఆయుధంగా మాత్రమే చూస్తే ఆ ధనం తిరిగి రాదు.

ఇప్పుడు బోయిన్‌పల్లికి వద్దాం. ట్యాంక్‌బండ్ చుట్టూ రోడ్లు మూసిన ప్రతిసారీ ఆ భారం మొదట పడేది సికింద్రాబాద్ వైపు రోడ్ల మీద. నాగ్‌పూర్ జాతీయ రహదారి నగరంలోకి దిగేది ఇటు నుంచే. కొంపల్లి, సుచిత్ర మీదుగా వచ్చే లారీలూ, ఆర్టీసీ బస్సులూ, మేడ్చల్ వైపు నుంచి వచ్చే కూరగాయల బండ్లూ అన్నీ డెయిరీఫాం రోడ్డు, తాడ్‌బండ్, ప్యారడైజ్ మధ్య ఇరుక్కునేవే. ఈ ఇరుకు నిన్నటిది కాదు. ఇటూ అటూ కంటోన్మెంట్ భూములు కావడంతో రోడ్డు వెడల్పు చేయాలన్నా, పైన వంతెన కట్టాలన్నా రక్షణ శాఖ అనుమతి కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూపులే. చివరికి 2024 మార్చి 9న ప్యారడైజ్ నుంచి డెయిరీఫాం రోడ్డు దాకా 5.32 కిలోమీటర్ల ఎలివేటెడ్ కారిడార్‌కి ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి శంకుస్థాపన చేశారు. అంచనా వ్యయం రూ.1,580 కోట్లు. ఆ పక్కన రూ.55 కోట్లు చిన్న మొత్తమేనని కొందరు అనవచ్చు. మేం మొత్తాన్ని పోల్చడం లేదు, తొందరను పోలుస్తున్నాం. అంబులెన్సు కదలని రోడ్డుకి అనుమతి తేవడానికి ఏళ్ళు పట్టాయి. రేసు కార్లకి ట్రాక్ వేయడానికి, బారికేడ్లు కట్టడానికి, నగరం నడిబొడ్డున రాకపోకలు ఆపడానికి, విదేశానికి కోట్లు పంపడానికి నెలలు చాలాయి. పనిచేయగల సత్తా ప్రభుత్వానికి ఉంది. ఆ సత్తాను ఎవరి కోసం బయటికి తీస్తున్నారన్నదే మా అభియోగం.

ఫార్ములా ఈ అంటే కాలుష్యం లేని రేపటి రవాణాకి ప్రచారమని చెప్పారు. రేసు వారాన్నే ఈ-మొబిలిటీ వారంగా జరిపారు, తెలంగాణ మొబిలిటీ వ్యాలీని ప్రకటించారు. మంచిదే. ఆ మాటకి నిజమైన నిదర్శనం బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో ఉంది. కుళ్ళిన టమాటాలు, క్యాబేజీ ఆకులు, అమ్ముడుపోని కాయగూరలు రోజుకి సుమారు 10 టన్నుల దాకా పోగవుతాయి ఇక్కడ. తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) శాస్త్రవేత్తల పరిజ్ఞానంతో ఆ చెత్త నుంచి గ్యాస్, గ్యాస్ నుంచి కరెంటు తీసే ప్లాంటు పెట్టారు. రోజుకి దాదాపు 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల ఇంధనం తయారవుతాయనీ, మార్కెట్ దీపాలు ఆ కరెంటుతోనే వెలుగుతాయనీ 2021 జనవరి 31న ప్రధాని తన రేడియో ప్రసంగంలో దేశమంతటికీ చెప్పారు. హమాలీలూ, రైతులూ, చీపురు పట్టిన ఆడవాళ్ళూ పారేసిన చెత్త నుంచి వెలుగు తీసిన చోటు ఇది. నగరం తన గురించి ప్రపంచానికి చెప్పుకోదలిస్తే చెప్పుకోదగ్గ కథ ఇక్కడే పుట్టింది. ఇలాంటి ప్లాంటు ప్రతి మార్కెట్ యార్డులోనూ, ప్రతి పెద్ద బస్తీలోనూ పెట్టాలన్న ఆత్రం అంతర్జాతీయ రేసు మీద చూపిన ఆత్రంలో సగమైనా కనబడిందా? రైతు బజార్ల వెనక కుప్పలుగా కుళ్ళుతున్న కూరగాయలే జవాబు చెబుతున్నాయి.

మరి ఆట? ఆటకైనా ఏం మిగిలింది? ఫార్ములా వన్ రేసుల్లో పోటీపడిన భారతీయులు ఇద్దరే. నరేన్ కార్తికేయన్‌ది కోయంబత్తూరు, కరుణ్ చందోక్‌ది చెన్నై. ఇద్దరూ తమిళనాడు వాళ్ళు కావడం యాదృచ్ఛికం కాదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంనాటి షోలవరం ఎయిర్‌స్ట్రిప్ మీద అక్కడివాళ్ళు దశాబ్దాల పాటు రేసులు నడిపారు. 1990లో ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాక్ కట్టుకున్నారు. కోయంబత్తూరు పక్కన రేసు కార్లు తయారుచేసిన కరివర్ధన్ పేరుమీద కరి స్పీడ్‌వే వచ్చింది. మెకానిక్కులూ, ఇంజినీర్లూ, టైమింగ్ చూసేవాళ్ళూ, జెండా ఊపే మార్షల్సూ ఆ ట్రాకుల మీదే తయారయ్యారు. మన దగ్గర అనిందిత్ రెడ్డి లాంటి కుర్రాళ్ళు జాతీయ టైటిళ్ళు గెలిచారంటే అది సొంత ఖర్చుతో బయట ఊళ్ళ ట్రాకుల మీద నేర్చుకునే. ఈ రాష్ట్రంలో ప్రభుత్వం కట్టిన రేసింగ్ ట్రాక్ ఒక్కటీ లేదు. వేగం మీద మోజున్న మన కుర్రాళ్ళు రాత్రిళ్ళు ఔటర్ రింగ్ రోడ్డు మీదా, రాయదుర్గం వైపు రోడ్ల మీదా బైకులు ఎగరేస్తున్నారు. పోలీసులు బళ్ళు పట్టుకుంటున్నారు. తల్లిదండ్రులు ఆస్పత్రుల్లో కూర్చుంటున్నారు. బోయిన్‌పల్లిలో ఏ మెకానిక్ షెడ్డు ముందు నిలబడినా ఇంజిన్ చప్పుడు విని లోపం చెప్పే పదహారేళ్ళ కుర్రాడు కనబడతాడు. అతనికి హెల్మెట్టు, శిక్షకుడు, భద్రమైన ట్రాక్ ఇవ్వలేని ప్రభుత్వం ప్రపంచ చాంపియన్లను తెచ్చి కంచె అవతలి నుంచి చూడమంది.

పక్కవాళ్ళ పాఠం కూడా మన కళ్ళ ముందే ఉంది. 2013 అక్టోబర్ 27న గ్రేటర్ నోయిడాలో సెబాస్టియన్ వెటెల్ వరసగా నాలుగో ఫార్ములా వన్ ప్రపంచ టైటిల్ ఖాయం చేసుకున్నాడు. అంత పెద్ద టైటిల్ మన నేల మీద తేలిన ఆ వారాంతంతోనే అక్కడ ఎఫ్1 కథ ముగిసింది. పన్నుల పేచీలు కోర్టుకెక్కాయి, 2017లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళి తేలాయి. రేసు మాత్రం తిరిగి రాలేదు. పదేళ్ళ తర్వాత, 2023 సెప్టెంబర్‌లో, అదే ట్రాక్ మీద మోటోజీపీ జరిగింది. తర్వాతి ఏడాది అదీ లేదు. ఇన్ని అనుభవాలు చూసి కూడా మన పాలకులు పోటీని తేవడం గురించే ఆలోచించారు, పోటీ వెళ్ళిపోయాక మిగిలేదేమిటని ఆలోచించలేదు.

ఈ అలవాటు ఒక్క పార్టీతో పోలేదు. 2025 మే నెలలో ప్రపంచ సుందరి పోటీలు హైదరాబాద్‌లో జరిగాయి. డిసెంబర్‌లో ఉప్పల్‌లో మెస్సీ కనిపించాడు, ముఖ్యమంత్రి కూడా బంతి తన్నారు. రేసు మీద వేలెత్తినవాళ్ళే ప్రపంచం నగరాన్ని చూస్తుందంటూ అప్పటివాళ్ళు చెప్పిన మాటే మళ్ళీ చెప్పారు. ఎవరు ఏ ఈవెంటు తెచ్చినా మా అభ్యంతరం ఒక్కటే. ముందు చెప్పండి, లెక్క చూపండి, తర్వాత తీసుకురండి.

శాసనసభ ముందున్న పనులు స్పష్టం. ఫార్ములా ఈతో జరిగిన రెండు ఒప్పందాల పూర్తి ప్రతులనూ, హెచ్‌ఎండీఏ చెల్లింపుల వివరాలనూ, డబ్బు రాబట్టడానికి ప్రభుత్వం తీసుకున్న చర్యలనూ సభలో పెట్టాలి. కేసు కోర్టులో ఉందన్న సాకు వీటికి వర్తించదు. ఇవి ప్రభుత్వ పత్రాలు. ప్రభుత్వ రోడ్లను, ప్రభుత్వ సంస్థల నిధులను వాడే ఏ అంతర్జాతీయ పోటీకైనా మంత్రివర్గ ఆమోదం, సభలో ప్రకటన తప్పనిసరి చేస్తూ చట్టం తేవాలి. రోడ్డు మూసివేతకి ముందు ఆ దారి మీద బతికే జనంతో బహిరంగ విచారణ జరపాలి. ప్రమోటర్ తప్పుకుంటే ఖజానా మీద భారం పడకుండా ముందే పూచీకత్తు కట్టించుకోవాలి. పోటీ మీద పెట్టే ప్రతి రూపాయితో పాటు కొంత మొత్తం స్థానిక పిల్లల శిక్షణకి, శాశ్వత ట్రాక్‌కి కేటాయించాలి. ఔటర్ అవతల ఎకరాలకి ఎకరాలు వేలం వేస్తున్న రాష్ట్రంలో ట్రాక్‌కి భూమి లేదన్న మాట చెల్లదు.

బీఆర్‌ఎస్ నాయకులకి ఒక మాట. కేసును రాజకీయ కక్ష అంటున్నారు, అనుకోండి. అయినా మీ హయాంలో మంత్రివర్గాన్ని దాటవేసి హెచ్‌ఎండీఏ సొమ్ము ఎందుకు వాడారో ప్రజలకి చెప్పే బాధ్యత కోర్టు తీర్పుతో ముడిపడి లేదు. కాంగ్రెస్ నాయకులకి ఒక మాట. నిందితుల పేర్లు చదవడంతో మీ పని అయిపోలేదు. ఆ రూ.46 కోట్లలో ఎంత వెనక్కి తెచ్చారో చెప్పండి. వచ్చే అసెంబ్లీ సమావేశాల్లో కంటోన్మెంట్, సనత్‌నగర్, కూకట్‌పల్లి ఎమ్మెల్యేలు పార్టీలకి అతీతంగా ఈ రెండు ప్రశ్నలూ అడగాలి. అడగకపోతే ఆ ఎమ్మెల్యేలు తమ దగ్గరికి వచ్చినప్పుడు బోయిన్‌పల్లి ఓటర్లు వాళ్ళనే అడగాలి.